బాపు తెరిచిన కళ్ళు

పాపన్నపేట దిక్కున ఏ ఊరికి పోయినా, ఏదో ఒక ఇంట్లో, గోడ మీద నుంచి చనిపోయిన మనిషి ఒకరు నన్ను గుర్తుపడతారు. నలుగురిలో అనే మాట కాదిది. ముప్ఫై ఏళ్ళు మెదక్ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్నదాన్ని, ఇలాంటివి చెబితే మనుషుల ముఖాలు ఎట్లా మారతాయో తెలుసు. కాని నాకు డెబ్భై రెండేళ్ళు వచ్చాయి. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను చుట్టూ చీకటి అంచు కట్టి లోపలికి వస్తోంది. నీటికాసులు అన్నాడు డాక్టరు, ఏడాది చూపు ఉంటే గొప్ప అన్నాడు. ఆ ఏడాదిలో నేను చేయదలచుకున్న పని ఒక్కటే ఉండింది. మా అమ్మ నన్ను ఒకసారి చూడాలి, చూడడం నేను చూడాలి. అమ్మ పోయి అరవై అయిదేళ్ళు.

ఈ మాట అర్థం కావాలంటే మా బాపు సంగతి చెప్పాలి.

మా బాపు పేరు వడ్ల అనంతయ్య. ఆయన పోయి ఎనిమిదేళ్ళవుతోంది. బండి చక్రాలు చేసే ఇంట్లో పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు కాలిన మచ్చ చచ్చేదాకా మోచేతి మీద ఉండింది. చక్రాలకు గిరాకీ తగ్గితే టాకీసులో బోర్డులు రాసే పనికి కుదిరాడు. హీరోల తలకాయలు పెద్దగా, కాళ్ళు చిన్నగా వచ్చేవట. "తలకాయ చూసే గదా టికెట్ కొంటరు, కాళ్ళు ఎవలు చూస్తరు" అనేవాడు. కొన్నాళ్ళు తూప్రాన్ రోడ్డు మీద లారీల వెనుక నాలుక బయటపెట్టిన దిష్టి మొహాలు రాశాడు. ఒక డ్రైవరు తిరిగి వచ్చి, నీ బొమ్మ అద్దంలో నుంచి నన్నే చూస్తోంది, బండి నడవనిస్తలేదు, చెరుపు అని కొట్లాడాడట. బాపు ఆ కథ చెప్పి నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు.

ఆ తరువాత నసీరుద్దీన్ ఉస్తాద్ ఫోటో స్టూడియోలో చేరాడు. ఉస్తాద్ పోయాక స్టూడియో తానే నడిపాడు. ఓటరు కార్డులు వచ్చిన కాలంలో నీలం గుడ్డ, స్టూలు మోసుకుని ఊరూరు తిరిగాడు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక కెమెరా పక్కన పెట్టి దేవుళ్ళ పటాలకు ఫ్రేములు కట్టాడు. ఎనభై దాటినాక ఇళ్ళ కిటికీలకు దోమల జాలీలు బిగించాడు. ఇన్ని పనుల్లో ఆయన పేరు నిలిచింది మాత్రం వేరే పనికి. ఆ పని పేరు ఎవరూ గట్టిగా అనేవారు కాదు. "అనంతయ్య దగ్గరికి పోయిరా" అనేవారు, అంతే.

ఆ రోజుల్లో చాలామంది ఒక్క ఫోటో కూడా లేకుండానే బతుకంతా గడిపేసేవారు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు గుర్తొచ్చేది. సైకిలు మీద ఒకడు స్టూడియోకి ఉరికి వచ్చేవాడు. బాపు, ఉస్తాద్ కెమెరా పట్టుకుని పోయేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు కండువాతో కట్టి, తలకు రుమాలు చుట్టి ఫోటో తీసేవారు. ఫోటో కడిగి పెద్దది చేసి ఇచ్చాక ఇంట్లోవాళ్ళు మళ్ళీ వచ్చేవారు. నిద్రపోయిన మొహాన్ని గోడకు ఎట్లా పెట్టుకుంటాం, కళ్ళు తెరిపించండి అని.

ఉస్తాద్ అన్ని రంగులూ వేసేవాడు. చెంపలకు ఎరుపు, చీరకు పచ్చ. కళ్ళు మాత్రం ముట్టేవాడు కాదు.

"అరే అనంతయ్యా, ఫోటో తీసుడు నా పని. రూహ్ ఊదుడు, పానం పోసుడు, పైనున్నోని పని. నీకు ధైర్యం ఉంటే నువ్వు చెయ్యి. నేను జర చాయ్ తాగొస్త."

బాపుకు ధైర్యం కాదు, అలవాటు ఉండింది. మా తాత కట్టెతో పోచమ్మ, ఎల్లమ్మ బొమ్మలు చెక్కి ఊళ్ళకు ఇచ్చేవాడు. బొమ్మకు అన్నీ అయ్యాక చిట్టచివర కళ్ళు తెరవాలి. దానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కింద పడ్డప్పుడే తెరవాలి. తెరిచేవాడు బొమ్మకు ఎదురుగా నిలబడకూడదు. పక్కన నిలబడి, ఎదుటి గోడకు పెట్టిన అద్దంలో చూస్తూ చివరి చుక్క పెట్టాలి. తెరుచుకున్న కళ్ళు మొదట చూసేది తెరిచినవాడిని కాకూడదు. అందుకని ఎదురుగా దూడతో ఆవునో, ఆడపిల్లనో నిలబెట్టాలి. ఆ మొదటి చూపు మెత్తగా పడాలని. బాపు చనిపోయిన మనుషుల ఫోటోలకు కూడా ఇదే పద్ధతి పెట్టాడు.

మా ఇంట్లో ఆవు లేదు. నేను ఉన్నాను.

నాలుగేళ్ళ వయసు నుంచి పన్నెండేళ్ళ దాకా ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగా ఫోటో. దాని పక్కన చెయ్యి చాచి బాపు. నా వెనుక గోడకు అద్దం. కిటికీలో నుంచి వచ్చిన ఎండ నేల మీద నలుచదరంగా పడి ఉండేది. అమ్మ బతికి ఉన్న రోజుల్లో వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆ గడియకు ఆగిపోయేది.

"చూడు బిడ్డా. రెప్ప కొట్టకు."

"కొడితే ఏమైతది బాపు?"

"వాళ్ళు గూడ కొడుతరు."

నేను కొట్టేదాన్ని కాదు. చుక్క పడేదాకా అది కాగితం. చుక్క పడ్డాక ఎవరో అప్పుడే నిద్రలేచి, ఇది ఎక్కడ, ఈ పిల్ల ఎవరు అని చూసినట్టు ఉండేది. ప్రతి మొహంలోనూ అదే అడగడం. ఆ పూట ఎవరూ మాట్లాడకుండా అన్నం తినేవాళ్ళం.

చుక్క పెట్టేముందు బాపు ఆ ఇంటికి పోయి మనిషి కళ్ళ గురించి అడిగి వచ్చేవాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. పోయినాయనకు ఇద్దరు భార్యలు.

"ఆయన కండ్లు ఎర్రగుంటుండె. ఎప్పుడు సూడు కోపమే" అంది పెద్దామె.

"నన్ను సూసినప్పుడైతే గట్ల ఉండకపోతుండె" అంది చిన్నామె, వంచిన తల ఎత్తకుండా.

"ఎందుకుంటయి! నీకు చూపెట్టే కండ్లు వేరే దాచిపెట్టుకుండు గదా."

బాపు గొంతు సవరించుకుని, "అమ్మా, ఇద్దరికీ సరిపోయేటట్టు ఏస్త" అన్నాడు. వేశాడు కూడా. ఒక పక్క నుంచి చూస్తే కోపం, ఇంకో పక్క నుంచి చూస్తే లేదు. ఇద్దరూ ఫోటో ఎక్కడ పెట్టాలన్నదాని మీద మళ్ళీ కొట్లాడుకున్నారని తరువాత తెలిసింది.

నాకు పెళ్ళి చూపులు రెండు మూడు వచ్చాయి. ఒక సంబంధంలో పిల్లవాడి మేనత్త నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "సచ్చినోళ్ళ కండ్లు మొదలు ఈ పిల్లనే చూసినయంట గదా" అంది. బాపు లేచి, "అవునమ్మా. మీ ఇంట్ల ఎవలన్న పోతే చెప్పి పంపు, మీకూ పనికొస్తది" అన్నాడు. ఆ సంబంధం అక్కడే ఆగింది. నాకు పెద్ద బాధ కలగలేదు. లైబ్రరీలో నౌకరి దొరికింది, పుస్తకాలు ఉన్నాయి, బాపు ఉన్నాడు.

మా అమ్మ ఫోటో మాత్రం గోడ మీద లేదు.

అమ్మ పేరు సిద్దమ్మ. నాకు ఏడేళ్ళప్పుడు, మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆమెను కూడా కుర్చీలో కూర్చోబెట్టారు. ఫోటో ఉస్తాదే తీశాడు. బాపు రంగులు వేశాడు. చీర రంగు, గాజుల రంగు, ముక్కుపుల్ల మెరుపు, అన్నీ ఉన్నాయి. కళ్ళు మూసి ఉన్నాయి. ఆ ఫోటోను దుప్పటిలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాడు.

"అమ్మ కండ్లు ఎందుకు తెరువలే బాపు?"

"యాదికి వస్తలేవు బిడ్డా."

పదేళ్ళప్పుడు నమ్మాను. ముప్ఫై ఏళ్ళప్పుడు నమ్మలేదు. ఎవరెవరి కళ్ళో ఊరూరు తిరిగి అడిగి తెచ్చిన మనిషికి, పక్కన పడుకున్న మనిషి కళ్ళు యాదికి రావా? యాభై ఏళ్ళప్పుడు అడగడం మానుకున్నాను. ఆమె మీద కోపం ఏదో ఉందనుకున్నాను. కాని ప్రతి ఏడూ అమ్మ తిథి నాడు బాపు ఉపవాసం ఉండేవాడు. ఆ రోజు నన్ను ఎదురింటి ఐలవ్వ దగ్గరికి పంపి, పన్నెండింటికి తలుపు వేసుకుని, పొద్దుగూకాక తెరిచేవాడు. పెద్దయ్యాక నౌకరికి పోయేదాన్ని గనుక పంపే పని లేకపోయింది. ఒక విచిత్రం ఉండేది అందులో. ఉపవాసం ఉండే మనిషి పొద్దున్నే కడుపు పగిలేట్టు తినేవాడు. ఐలవ్వ ఎగతాళి చేసేది. "ఏం ఉపవాసమే మీ బాపుది! నా మొగడు పండుగనాడు గూడ గంత తినడు."

పోయే ముందు వారం రోజులు బాపు మంచం మీద ఏవేవో మాట్లాడాడు. లారీ డ్రైవరుతో కొట్లాడాడు, ఉస్తాద్‌ను చాయ్ అడిగాడు. ఒక మధ్యాహ్నం మాత్రం నన్ను తేరిపార చూసి స్పష్టంగా అన్నాడు.

"సిద్దమ్మ జోలికి పోకు. పోతే కడుపునిండ తిని పో బిడ్డా."

సోయి లేని మాట అనుకున్నాను.

పోయిన నెల ఆ దుప్పటి విప్పాను. ఫోటో పట్టుకుని చౌరస్తా దగ్గర సిద్రా దుకాణానికి పోయాను. సిద్రా ఉస్తాద్ మునిమనుమరాలు. వాళ్ళ నాయన ముదస్సిర్ ఆ పాత స్టూడియోను జిరాక్సు, ఆన్‌లైన్ ఫారాల దుకాణం చేశాడు. పిల్ల చురుకైంది. నన్ను నానీ అంటుంది, అమ్మమ్మ అని.

"కండ్లు తెరిపించాలె, గంతేనా నానీ? ఫోన్ల యాప్ ఉన్నది. రెండు నిమిషాలు."

ఫోటో తీసి ఏదో నొక్కింది. తెర మీద మా అమ్మ కళ్ళు తెరిచింది. రెప్పలు కొట్టింది. కొంచెం నవ్వింది కూడా.

"యా అల్లా, ఎంత మంచిగున్నది మీ అమ్మ!"

నేను ఆ బొమ్మను కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. ఆ కళ్ళలో ఎవరూ లేరు.

"ఈమె ఎవలో నాకు ఎరుక లేదు సిద్రా."

"మీ అమ్మనే గద!"

"కాదు. తీసెయ్యి."

పిల్ల చిన్నబుచ్చుకుంది కాని తీసేసింది. అసలు ఫోటోను స్కాన్ చేసి పెడతానని మిషనులో పెట్టి, కంప్యూటరు మీద పెద్దది చేసి చూస్తూ ఆగిపోయింది.

"నానీ, జర ఇటు రా. ఫోటో అంత పసుపుగ అయింది గద, వార్నిష్ పాతగయి. ఈ కండ్ల దగ్గర్నే గుండ్రంగ తెల్లగున్నది. రెండు దిక్కుల. ఎవలో మస్తుసార్లు తుడిచినట్టున్నరు." ఇంకా పెద్దది చేసింది. "ఈ రెప్పలు ఫోటోల రెప్పలు కావు. పైనుంచి ఏసిన రంగు. దీని కింద ఇంకేందో ఉన్నది."

మిషనులో నుంచి ఫోటో తీసుకున్నాను.

అక్కడి నుంచి తిన్నగా ఐలవ్వ ఇంటికి పోయాను. ఆమెకు ఎనభై తొమ్మిదేళ్ళు. చెవులు సగం పనిచేస్తాయి. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను ఫోటో ముందు పెట్టగానే చాట పక్కన పెట్టేసింది.

"తీసినవా. తియ్యవనుకున్న."

"అవ్వా, బాపు ఈ కండ్లు తెరిచిండా?"

"ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకుండు. ఆయననే పోయిండు, ఇంక ఒట్టు ఎవలకు? తెరిచిండు. మీ అమ్మ పోయిన పదిహేనొద్దులకు. పగటీలి, నీడ కాళ్ళ కింద పడ్డప్పుడే. పద్ధతికి నువ్వు ఎదురుంగ కూసోవాలె గదా. నువ్వు ఏడ్చి ఏడ్చి సాప మీద పండుకున్నవంట. లేపబుద్ధి కాలే. నువ్వు యాడ పండుకున్నవో గాడికే చూపు దించి పెట్టిండు."

"మరి ఎందుకు మూసిండు?"

"నీ కోసమే మూసిండు. నిద్రలేచినంక నువ్వు గా సాప ఇడిచి కదలకపోతివి. బువ్వ పెడితే తినకపోతివి. 'అమ్మ చూస్తున్నది, లేస్తే చూడదు' అంటివి. మూడొద్దులు. ఒళ్ళు పెనమోలె కాలింది. నేను ఎత్తుకుంటే కొరికినవు." చీర కొంగు తొలగించి ముంజేయి చూపించింది. ముడతల మధ్య అర్ధచంద్రం లాంటి తెల్ల గీత. "గిది నీ పండ్లే. నాలుగోనాడు పగటీలి మీ బాపు ఆ కండ్లు మూసిండు. గంట గాలేదు, లేచి బువ్వ అడిగినవు."

నాకు ఇందులో ఒక్క ముక్క కూడా జ్ఞాపకం లేదు. బాపు రంగుల్లో కలిపే టర్పెంటైను వాసన వస్తే ఆకలి చచ్చిపోతుంది నాకు. అది ఎందుకో ఎప్పుడూ తెలియలేదు.

"మూసుడు ఎందుకు, చెరిపేస్తే అయిపోతుండె గదా."

"పెండ్లాం కండ్లు ఎట్ల చెరుపుతడే! కింద ఉన్నయి చెదరకుంట, పైన నీళ్ళ రంగు ఏసిండు. తుడిస్తే పోతది. ఏడాదికొకసారి తుడుచుకునేటోడు. నేను పొద్దుగూకంగ తలుపు కొట్టాలె. 'నేను పలుకకుంటే గొళ్ళెం ఇరగ్గొట్టు ఐలవ్వా' అనేటోడు. రెండుసార్లు ఇరగ్గొట్టిన. గా సాప మీద ముడుసుకొని పడి ఉండేటోడు, చిన్నపిల్ల తీరుగ."

అంటే ఆయన అక్కడ నా చోట పడుకునేవాడు. నాకోసం దించిన చూపును, ఏడాదికి ఒక పూట, నేను ఇంట్లో లేనప్పుడు అరువు తీసుకునేవాడు.

"తెరుస్త అవ్వా" అన్నాను.

"వద్దు బిడ్డా."

"నా చూపు పోతున్నది. పోయినంక తెరిస్తే ఏం ఫాయిదా?"

ఐలవ్వ చిక్కుడు గింజలు చాటలో అటూ ఇటూ కదిపింది. "నాకు చెవుడు. తలుపైతే కొడుత. నువ్వు మాత్రం కడుపునిండ తిను."

శుక్రవారం పొద్దున బాపు పెట్టె తీశాను. దూదిలో చుట్టిన ఉడత వెంట్రుకల బ్రష్షు, గోడ అద్దం, ఒక ఆల్చిప్ప. ఆల్చిప్పలో గోధుమ రంగు ఎండి అంటుకుని ఉంది. దాన్ని ఫోటో మీద అమ్మ నుదుటి పక్కన పెట్టి చూశాను. అదే రంగు. రెప్పలు మూసే రంగు, నీళ్ళ చుక్క వేస్తే చాలు అన్నట్టు కలిపి పెట్టి పోయాడు.

అన్నం వండాను. పప్పు వేసుకుని పళ్ళెంలో కలుపుకున్నాను. ఆ రోజు పొద్దుటి నుంచి మబ్బు. నా కంటికి నిండు వెలుతురు లేకపోతే ఏదీ ఆనదు. పళ్ళెం ముందు కూర్చున్నానో లేదో ఒక్కసారిగా ఎండ కాసింది. నీడ చూసుకుంటే కాళ్ళ కిందే ఉంది. మళ్ళీ మబ్బు కమ్మితే ఈ రోజు అయిపోతుంది, తరువాత తినవచ్చు అనుకున్నాను. పళ్ళెం స్టూలు మీద పెట్టి లేచాను.

బాపు కళ్ళు తెరిచిన గదే అది. తలుపు గొళ్ళెం పెట్టి, అద్దాన్ని ఎదుటి గోడకు తగిలించి, ఫోటోను ఆయన పెట్టిన చోటే గోడకు ఆనించాను. పక్కన నిలబడి, ఎదురుగా అద్దంలో చూస్తూ, తడి దూదితో రెప్పల మీద మెల్లగా రాశాను. దూది గోధుమరంగుకు తిరిగింది. ఇంకో దూది. ఇంకోటి.

అద్దంలో అమ్మ కళ్ళు కనిపించాయి.

కుడి కన్ను కొంచెం చిన్నది. రెప్ప అంచున చిన్న మడత. నా కుడి కంటికీ ఉంది అది, ఇన్నేళ్ళూ వయసు వల్ల అనుకున్నాను. బాపుకు అన్నీ యాదికున్నాయి.

ఎదురుగా వచ్చి నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. ఎడమకు జరిగాను, కుడికి జరిగాను. బాపు వేసిన కళ్ళు ఎటు జరిగినా మనిషిని వదలవు. ఇవి నన్ను దాటి, నా మోకాళ్ళ కిందుగా, నేల మీద ఒక్క చోటే నిలిచి ఉన్నాయి. కిటికీ ఎండ నలుచదరంగా పడి ఉన్నది అక్కడే.

మూల నుంచి చాప తెచ్చి పరిచాను. కూర్చున్నాను. ఇంకా పైనే ఉన్నాను, ఆ చూపు నా ఒడి మీద పడుతోంది. పక్కకు ఒరిగి పడుకున్నాను. కాళ్ళు ముడుచుకున్నాను. ఇంకా ముడుచుకున్నాను. డెబ్భై రెండేళ్ళ మోకాళ్ళు అంత మడుస్తాయని నాకు తెలియదు. గడ్డం మోకాళ్ళకు ఆనినప్పుడు చూపు కలిసింది.

అమ్మ నన్ను చూసింది.

మిగతావాళ్ళు అందరూ ఈ పిల్ల ఎవరు అని అడిగినట్టు చూసేవారు. ఆమె అడగలేదు. రెప్ప కొట్టకూడదని మాత్రం నాకు గుర్తుంది.

తలుపు కొడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడే పొద్దుగూకిందా అనుకున్నాను. ఎండ ఇంకా నేల మీద నలుచదరంగానే ఉంది.

"నానీ! నానీ, తలుపు తియ్యి!" సిద్రా గొంతు. ఆ వెనుక గొళ్ళెం ఊడిన చప్పుడు. పిల్ల లోపలికి ఉరికి వచ్చి నా భుజాలు పట్టుకుని లేపింది. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. వెనుక ఐలవ్వ కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎందుకు లేపినవే? ఇప్పుడే పండుకున్న."

"ఇప్పుడే ఏంది నానీ! ఇరవై ఫోన్లు చేసిన. నిన్న జుమ్మా. ఇయ్యాల శనివారం."

స్టూలు మీద పళ్ళెం వైపు చూశాను. అన్నం ఎండి బిరుసెక్కింది. చీమలు ఒక వరుసన ఎక్కుతున్నాయి, ఒక వరుసన దిగుతున్నాయి.

"అవ్వా, నువ్వు కొట్టలేదా?"

ఐలవ్వ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "కొట్టిన. పొద్దుగూకంగ కొట్టిన. లోపట్నించి ఎవలో చిన్నపిల్ల 'వస్తున్న ఐలవ్వా' అన్నది. నా చెవుల్ల గంత మంచిగ ఎన్నడు ఏది ఇనబడలే. మీ సుట్టాల పిల్ల వచ్చిందేమో, తోడున్నదిలే అని పోయిన."

సిద్రా నీళ్ళు తాగించింది. ఒళ్ళు వేడిగా ఉందని తన చున్నీ తడిపి నుదుటి మీద వేసింది. "దవాఖానకు పోదాం పా" అంది. నేను తల అడ్డంగా ఊపి, నీడ చూసుకున్నాను. కాళ్ళ కిందే ఉంది. ఇంకా కొంచెం సేపు ఉంటుంది.

ఆల్చిప్పలో నీళ్ళ చుక్క వేశాను. ఎండిన రంగు మెల్లగా కరిగింది. బ్రష్షు ముంచి ఫోటో పక్కన, బాపు నిలబడే చోట నిలబడ్డాను.

"మంచిగున్నయి గద నానీ కండ్లు" అంది సిద్రా, గొంతు తగ్గించి. "ఎందుకు మూస్తున్నవు?"

"పిల్ల బువ్వ తినాలె."

ఎడమ కన్ను మూశాను. కుడి కన్ను దగ్గర కొంచెం ఆగాను. ఆగకూడదని తెలుసు. బాపు కూడా ప్రతి ఏడూ ఇక్కడే ఆగి ఉంటాడు, ఈ ఒక్క కన్ను దగ్గర. ఆ మడత మీదుగా బ్రష్షు పోనిచ్చాను. రంగు ఆరేదాకా వేలు పెట్టి చూడలేదు. ఆరాక పెట్టాను. రెప్పల కింద బాపు వేసిన కళ్ళ రంగు కొద్దిగా ఎత్తుగా, వేలికి తగిలేట్టు ఉంది. చూపు లేకపోయినా దొరుకుతుంది.

ఐలవ్వ అప్పుడు లోపలికి వచ్చింది. పొయ్యి వెలిగించి అన్నం వండి, వేడివేడిగా కలిపి, ఏమీ అడగకుండా ముద్దలు పెట్టింది. నేను తిన్నాను. ఇంకా పెట్టమన్నాను. సిద్రా ఫోటోను దుప్పటిలో చుట్టి పెట్టెలో పెడుతూ, ఆల్చిప్పను చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇంక కొంచమే ఉన్నది నానీ. రెండు మూడుసార్లకు వస్తదేమో."

"చాలు."

"వచ్చే ఏడు నేనుంటనో ఉండనో" అంది ఐలవ్వ, ఇంకో ముద్ద చేస్తూ. "తలుపు ఎవలు కొట్టాలె?"

"నేను కొడుత" అంది సిద్రా.

"చిన్నపిల్ల పలికితే?"

సిద్రా పెట్టె మూత వేసి, చాప చుట్టి మూలకు నిలబెట్టింది. చాపను పట్టుకున్న చేతిని కమీజుకు తుడుచుకుంది.

"పలికినా సరే, గొళ్ళెం ఇరగ్గొడుత."